నొప్పి తగ్గిందన్న సాయంత్రం

ఒక ఆసుపత్రి కేసు షీటులో ఒక వాక్యం తప్పుగా పడింది: ‘బంధువులు ఆలస్యంగా తీసుకువచ్చారు.’ రాసిన డాక్టరుగారి తప్పేమీ లేదు. ఆయనకు చెప్పింది ఆయన రాశారు. ఆ కాగితాలు ఈపాటికి ఏ బీరువా అడుగునో ఉంటాయి. వాటిని దిద్దే అధికారం నాకు లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు దిద్దించగలిగేవాణ్ణేమో, అప్పుడు నోరు రాలేదు. అందుకని జరిగింది ఇక్కడ రాస్తున్నాను. ఆలస్యం చేసింది బంధువులు కాదు, నేను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆరోగ్య కార్యకర్తలు కొందరు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. అనుభవాలు చెప్పమంటారు. వరదలో పడవెక్కి మందులు పంచిన సంగతి, కుక్క తరిమితే కాలవలో దూకిన సంగతి చెప్పి, కాఫీ ఇచ్చి పంపేస్తుంటాను. ఇది వాళ్ళెవరికీ చెప్పలేదు.

నేను ఇంటర్మీడియట్ తప్పినవాణ్ణి. బోదకాలు నివారణ విభాగంలో, దోమపిల్లలు చావడానికి మురుగుకాలవల్లో మందు కొట్టే పనివాడిగా చేరాను. ఆ తర్వాత మెల్లగా ఆరోగ్య కార్యకర్తనయ్యాను. చదువు మాత్రం గ్రంథాలయంలో సాగింది. మలికిపురం దగ్గర మా శాఖా గ్రంథాలయానికి, చనిపోయిన ఒక డాక్టరుగారి పిల్లలు ఆయన పుస్తకాలన్నీ ఇచ్చేశారు. లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు, ఎవరూ ముట్టుకునేవారు కాదు. నేను ఒక పక్క నిఘంటువు పెట్టుకుని, రోజుకి పేజీన్నర చొప్పున, పదకొండేళ్ళు చదివాను. లైబ్రేరియన్ గారు నాకోసం కిటికీ దగ్గర కుర్చీ ఒకటి వేసి ఉంచేవారు. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. డిగ్రీ ఉన్నవాళ్ళకి తెలియనిది నాకు తెలిసినప్పుడు కలిగే సంతోషం ఎలాంటిదో, డిగ్రీ లేనివాళ్ళకే తెలుస్తుంది.

అక్కడ చదివి నేను తెలుసుకున్న పెద్ద విషయం ఇది. మా ప్రాంతంలో కాలు వాచిన మనిషికి ఏడాదికి నాలుగైదుసార్లు చలిజ్వరం వస్తుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది, కాలు ఎర్రగా, వేడిగా పొంగుతుంది. దాన్ని అందరూ బోదజ్వరం అంటారు. దోమ ఎక్కించిన పురుగే ఒంట్లో తిరగబడి జ్వరం తెస్తోందని రోగులూ అనుకునేవారు, మా విభాగంలో పాతవాళ్ళూ అనుకునేవారు. నిజానికి పురుగు చేయాల్సిన చెరుపు ఎప్పుడో చేసి పోయింది. కాలిలో నీరు లాగే నాళాలు దెబ్బతిన్నాక, ఆ కాలికి కాపలా ఉండదు. వేళ్ళ సందుల్లో ఒరిసిన చోట, మడమ పగిలిన చోట, మామూలు బాక్టీరియా దూరిపోతుంది. ఆ జ్వరం బాక్టీరియాది. రోజూ కాలు సబ్బుతో కడిగి, సందులు పొడిగుడ్డతో ఒత్తి, తడికి నాని పాసిన చోట పూతమందు రాస్తే సగం జ్వరాలు రానే రావు. వచ్చినా కాలు ఎత్తులో పెట్టుకుని, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పూర్తిగా వాడితే నాలుగైదు రోజుల్లో దిగిపోతుంది.

ఇది నేను ఊరూరా చెప్పాను. డాక్టర్లూ అవునన్నారు. మా నర్సమ్మగారు, నాకన్నా రెండేళ్ళు పెద్దావిడ, నన్ను ‘తమ్ముడుగారూ’ అని పిలిచేది. వెక్కిరించాల్సి వచ్చినప్పుడు మాత్రం ‘లైబ్రరీ డాక్టరుగారూ’ అనేది. “ఈయనకి రోగం చెప్తే మందివ్వడండి బాబూ, పేజీ నెంబరిస్తాడు” అని మీటింగుల్లో నవ్వించేది.

సముద్రం వైపు రొయ్యల చెరువుల ఊరొకటి ఉంది. అక్కడ ఒకావిడ, నలభై దాటిన మనిషి, ఎడమ కాలు మోకాలి దాకా ఏనుగు కాలులా ఉండేది. భర్త చెరువు కాపలా. ఆవిడ పట్టుబడి రోజుల్లో, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే రోజుల్లో, గట్టు మీద రొయ్యలు ఏరే కూలికి వెళ్ళేది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడకి నెలకోసారి జ్వరం. కాలు కడుక్కోవడం నేర్పాను. ఎంత శ్రద్ధగా చేసేదంటే, రెండో ఏటికి జ్వరాలు ఏడాదికి రెండుకి దిగాయి. చర్మం మెత్తబడింది, వాసన పోయింది. మండలం మొత్తానికి నేను చూపించే కాలు అదే అయ్యింది. ఎక్కడ శిక్షణ తరగతి పెట్టినా ఆటోలో ఆవిణ్ణి తీసుకెళ్ళేవాణ్ణి. బల్ల మీద కాలు పెట్టించి, “ఇదిగో, రెండేళ్ళ క్రితం ఇలా లేదు” అని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆవిడ నవ్వుతూ కూర్చునేది. నాలుగేళ్ళు నెలనెలా ఆ కాలు కొలిచాను. సెంటీమీటర్లతో సహా నా పుస్తకంలో ఉండేవి.

ఒక శనివారం వాళ్ళ చెరువు పట్టుబడి జరిగింది. ఆదివారం సాయంత్రం ఆవిడ భర్త ఫోన్ చేశాడు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ నన్ను అన్నయ్యగారనే పిలిచేవారు.

“అన్నయ్యగారండీ, దీనికి మళ్ళీ జొరం తగిలిందండి.”

“చలి వచ్చిందా?”

“ఆయ్. రెండు దుప్పట్లు కప్పేనండి.”

“గజ్జల్లో బిళ్ళ కట్టిందా?”

“కట్టిందంటందండి. నిన్న పట్టుబడిలో రొయ్య ముల్లు గుచ్చుకుందండి, మడమ పక్కన. దానివల్లేమన్నానా అండి?”

“అక్కణ్ణించే దూరుంటుందిలే. దారి ఏదైతేనేం, వచ్చే జ్వరం ఒకటే. ఇంట్లో మాత్రలున్నాయిగా, మొదలుపెట్టు. కాలు కింద తలగడ పెట్టు.”

దారి ఏదైతేనేం అన్నాను. వేళ్ళ సందులో ఉండే బాక్టీరియా వేరు, ఉప్పుచెరువు నీళ్ళలో ఉండే బాక్టీరియా వేరు. ఆ రెండోదాని గురించి అదే పుస్తకంలో చదివాను కూడా. కలరా క్రిమికి దాయాది, ఉప్పునీట్లో, రొయ్యల మీద, పీతల మీద బతుకుతుంది, చిన్న గాయంలోంచి దూరి ఒక్క రోజులో కండని కుళ్ళబెడుతుంది. అది వేరే అధ్యాయంలో ఉంది. నా మనసులో బోదకాలు ఒక అధ్యాయం, అది ఇంకొక అధ్యాయం. రెండూ ఒకే మనిషి కాలి మీద కలుస్తాయని ఏ పేజీలోనూ రాసి లేదు.

సోమవారం పొద్దున్న మళ్ళీ ఫోన్.

“రాత్రంతా ఒకటే ఏడుపండి. దుప్పటంచు తగిలినా కేకెడతందండి. ఇదివరకెప్పుడూ ఇలా లేదండి.”

“ఎరుపు పైకి పాకిందా?”

“ఆ కాలు రంగు మీకు తెలుసు కదండీ, ఎప్పుడూ నలుపే. పైకి అంతేం కనపట్టం లేదండి. నొప్పే ఎక్కువండి. ఓసారి వచ్చి చూద్దురూ.”

“రెండోరోజు అలాగే ఉంటుందయ్యా. రేపు ఎలాగూ తరగతికి తీసుకెళ్ళడానికి వస్తున్నానుగా, అప్పుడు చూస్తాను.”

పైకి కనిపించే దానికీ నొప్పికీ పొంతన లేకపోతే, రోగం చర్మం మీద లేదు, లోపల ఉంది. కండ మీద పొరల్లో ఉంది. ఇది చదువుకున్నవాళ్ళందరికీ తెలిసిన సూత్రం. అతను చదువుకోలేదు, కానీ ఆ సూత్రాన్ని ఉన్నదున్నట్టు నాకు ఫోన్లో చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మీటింగులో నర్సమ్మగారికి మాటవరసకి చెప్పాను. ఆవిడ రిజిస్టరు రాస్తూ తల ఎత్తింది.

“చూసేరా?”

“చూడక్కర్లేదక్కగారూ. ఆ కాలు నాకు తెలుసు.”

“కాలు తెలుసు సరే. మనిషెలా ఉందో కనుక్కున్నారా? ఒంటేలుకి సరిగ్గా వెళ్తందా? మాట సరిగ్గా ఆడతందా?”

“మీరు ప్రతిదానికీ భయపడతారు.”

“భయపడబట్టే ముప్పయ్యేళ్ళ నుంచి చేస్తన్నానండి ఈ ఉద్యోగం” అని మళ్ళీ రిజిస్టర్లో పడింది. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

సాయంత్రం అయిదింటికి ఫోన్ మోగింది. ఈసారి ఆవిడే మాట్లాడింది. గొంతు నీరసంగా ఉంది, కానీ హాయిగా ఉన్నట్టు అనిపించింది.

“అన్నయ్యగారండీ, నొప్పి తగ్గిపోయిందండి. ఒక్కసారే తగ్గిందండి. కాలు ఉన్నట్టే లేదండి.”

“చూశావా? నేను చెప్పలేదూ! పడుకో. రేపు తరగతికి రాగలవా?”

“చూద్దారండి.”

ఆ సాయంత్రం నేను ఎంత సంతోషించానో రాయకపోతే ఈ రాతకి అర్థం లేదు. దారిలో లైబ్రరీకి వెళ్ళి, లైబ్రేరియన్ గారికి టీ తెప్పించి, రెండో రోజుకే జ్వరం దిగిందని చెప్పుకున్నాను. మనం చెప్పిన పద్ధతి అంత బాగా పనిచేస్తోందన్నాను. ఆయన తల ఊపాడు. అప్పుడు నా వెనక అరలోనే ఆ పుస్తకం ఉంది. చర్మం కింద నరాలు చచ్చిపోయినప్పుడు నొప్పి ఆగిపోతుందనీ, అది తగ్గడం కాదనీ, ఆ గంట నుంచి రోగి చేతిలో ఇంక ఎక్కువ గంటలు లేవనీ అందులో ఉంది. అడుగున పెన్సిలుతో గీసుకున్న గీత కూడా నాదే.

మంగళవారం ఎనిమిదింటికి ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. తరగతికి కట్టుకునే చీర మంచం మీద మడతపెట్టి ఉంది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నుదుటి మీద చెయ్యి వేస్తే జ్వరం లేదు. చల్లగా, చెమటగా ఉంది. పిలిస్తే ఆలస్యంగా పలికింది. ఊపిరి గబగబా పీలుస్తోంది.

“నిన్న మధ్యాహ్నం నుంచి ఒంటేలుకి లేవలేదండి” అన్నాడు భర్త.

దుప్పటి తీశాను. వాసన ముందు వచ్చింది. మడమ పైన, పిక్క మీద, కోడిగుడ్డంత పొక్కులు. వాటిలో నీరు తెల్లగా లేదు, నేరేడుపండు రంగులో ఉంది. నాలుగేళ్ళు కొలిచిన కాలు, నాకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. పొక్కు పక్కన వేలితో నొక్కాను.

“నొక్కుతున్నాను, తెలుస్తోందా?”

“నొక్కేరాండి?” అంది.

అప్పుడు నాకు అర్థమైంది. తొడ మీద ఎరుపు ఆగిన చోట జేబులో పెన్ను తీసి చుట్టూ గీత గీశాను. పక్కన టైము వేశాను. అది కూడా పుస్తకంలో చదివిందే. భర్తా నేనూ ఎత్తి ఆటోలో పడుకోబెట్టాం. తరగతికి జనం వచ్చి కూర్చున్నారని ఫోన్ మీద ఫోన్. ఎత్తలేదు. రాజోలులో సెలైన్ ఎక్కించి, అంబులెన్సు ఇచ్చారు. అమలాపురం చేరేసరికి ఎరుపు గీతకి నాలుగు వేళ్ళు పైకి పాకింది.

అక్కడి డాక్టరుగారు చిన్న వయసాయన. కాలు చూడగానే నర్సుని పిలిచి, నరంలోకి రెండు రకాల యాంటీబయాటిక్ ఒకేసారి మొదలుపెట్టించారు. సుగరు చూడమన్నారు. మూడొందల తొంభై. ఆవిడకి సుగరు జబ్బు ఉన్నట్టు అంతవరకూ ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళు నెలనెలా టేపు పట్టుకుని వెళ్ళాను, ఒక్కసారి కూడా ఆవిడ వేలి మీద సూది పెట్టించలేదు.

“ఈ గీత ఎవరు గీసేరు?”

“నేనేనండి.”

“గంటన్నర క్రితం. మంచి పని చేసేరు. నిన్న పొద్దున్న గీసుంటే ఇంకా మంచి పనయ్యేది.” ఆయన ఎత్తిపొడవలేదు. ఉన్నమాట అన్నారు. “కుళ్ళింది కోసెయ్యకుండా ఎన్ని ఇంజెక్షన్లు చేసినా లోపలికి మందు వెళ్ళదండి. ఇక్కడ కుదరదు. ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపేస్తన్నాను.”

పెద్దాసుపత్రిలో కేసు షీటు రాసే డాక్టరుగారు భర్తని అడిగారు.

“ఎప్పటినుంచి ఇలా ఉంది?”

“ఆదివారం సాయంత్రం నుంచండి.”

“రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని ఏం చేశారయ్యా?”

అతను నా వైపు చూశాడు. నేను అతని పక్కనే, చేతికందే దూరంలో ఉన్నాను. శాఖ గుర్తింపు కార్డు నా మెడలో వేలాడుతోంది. ఒక్క మాట చాలు, ‘ఫోన్ చేశాడండి, నేనే ఇంట్లో ఉంచమన్నాను’ అని. అనలేదు. కళ్ళు దించుకున్నాను. అతనే అన్నాడు.

“ఇంట్లోనే ఉంచేనండి.”

డాక్టరుగారు రాసుకున్నారు. ఆ వాక్యం అలా పడింది.

ఆ మధ్యాహ్నమే తొడ దగ్గర కాలు తీసేశారు. బుధవారం ఆవిడకి తెలివి వచ్చింది. గురువారం నన్ను లోపలికి పోనిచ్చారు. ముఖం ఉబ్బి ఉంది. నేను మంచం పక్కన నిలబడి, కాలు లేని చోట చదునుగా ఉన్న దుప్పటి కేసి చూస్తున్నాను. ఆవిడ గమనించింది.

“బెంగెట్టుకోకండి అన్నయ్యగారూ. ఇంక మీరు మా ఇంటికి రారేమో కదండీ?”

“అదేం మాటమ్మా?”

“మరేనండి. మీరెప్పుడొచ్చినా కాలు చూడ్డానికే వచ్చేవోరు. ఓ రోజు నా కళ్ళు తిరుగుతున్నాయని చెప్తే, ముందు టేపు చుట్టనీ అన్నారు. గుర్తుందాండి?” అని నవ్వింది. నిష్ఠూరం లేదు. పరాచికం ఆడినట్టే అంది. తరగతుల్లో అలాగే నవ్వుతూ కూర్చునేది.

నాకు గుర్తులేదు. ఇప్పటికీ లేదు. అని ఉంటాను.

శుక్రవారం మూత్రపిండాలు పూర్తిగా ఆగిపోయాయి. ఆదివారం తెల్లవారాక ఆవిడ పోయింది. గాయం నుంచి తీసిన నమూనాలో పెరిగిన క్రిమి పేరు మర్నాడు వచ్చింది. ఉప్పునీటిదే.

పన్నెండో రోజు అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. అతను చెరువు గట్టు మీద మేత బస్తాల పక్కన కూర్చున్నాడు. నేను దాచుకోకుండా చెప్పాను. ఆదివారమే పంపించవలసింది, సోమవారం నొప్పి అన్నప్పుడు పరిగెత్తుకు రావలసింది, తగ్గిందన్నప్పుడు మరీ పరిగెత్తవలసింది అన్నాను. విన్నాడు. చేతిలో ఉన్న మేత చెరువులోకి విసిరాడు.

“డాక్టరు అడిగినప్పుడు నా పేరు ఎందుకు చెప్పలేదయ్యా?” అన్నాను.

“మీరు పక్కనే ఉన్నారు కదండీ” అన్నాడు. “మీరు చెప్తారని చూసేనండి.”

ఆ తర్వాత నేను మా పై అధికారికి ఉత్తరం రాశాను. ఆయన చదివి, “మీకు రిటైర్మెంటు దగ్గరపడింది, ఇప్పుడివన్నీ ఎందుకండీ?” అని వెనక్కి ఇచ్చారు. నేను తీసుకున్నాను. గట్టిగా పట్టుబట్టలేదు. వెళ్ళి చూడకపోవడం ఒకటి, డాక్టరు ముందు నోరు విప్పకపోవడం రెండు, ఇది మూడో తప్పు.

పిల్లలూ, మీకు పుస్తకాలు వద్దని నేను చెప్పను. నేను ఇప్పటికీ కిటికీ దగ్గర కుర్చీలోనే ఉంటాను. కానీ వాచిన కాలికి జ్వరం వచ్చిందని ఫోన్ వస్తే, ఫోన్లో వైద్యం చెయ్యకండి. వెళ్ళండి. దుప్పటి తీయండి. పెన్నుతో గీత గీసి, టైము వేసి, రెండు గంటలు అక్కడే కూర్చోండి. పైకి కనిపించే దానికి మించి నొప్పి ఉన్నా, పొక్కుల్లో నీరు రంగు మారినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా అది రేపటి పని కాదు. ఉప్పునీళ్ళలో దిగేవాళ్ళకి గాయమైతే, ఆ సంగతి డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. మందు ఏది వాడాలన్నది దాని మీద ఉంటుంది. నొప్పి ఒక్కసారిగా మాయమైందని చెప్తే మాత్రం, ఆటో కోసం కూడా ఎదురుచూడకండి, ఏ బండి దొరికితే అది ఎక్కించండి.

ఇలాంటి రాతల చివర సాయం చేసినవాళ్ళ పేర్లు చెప్పి దండం పెట్టడం మర్యాద. వీళ్ళలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్నారు, పేర్లు రాయవద్దన్నారు. కనుక చేసిన పనులు చెప్తాను. ఆ రోజు మధ్యలో ఎక్కడా ఆగకుండా రాజోలు దాకా నడిపి, తర్వాత నేను ఎంత బతిమాలినా కిరాయి తీసుకోని ఆటో అతనికి దండం. ‘మనిషెలా ఉందో కనుక్కున్నారా’ అని అడిగి, ఆ తర్వాత ఒక్కసారి కూడా ‘నేను చెప్పలేదూ’ అనని నర్సమ్మగారికి దండం. గీత చూసి నిజం చెప్పిన అమలాపురం డాక్టరుగారికి దండం. ఈ కాగితాలు రెండుసార్లు చదివి, నన్ను నేను మెచ్చుకున్న చోట్లు నాలుగు కొట్టేసిన లైబ్రేరియన్ గారికి దండం. ఒకటి వదిలేశారు, ఎక్కడో మీకు కనిపించే ఉంటుంది.

ఆవిడ భర్తకి ఇది మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. అతనికి నచ్చనిది ఒకటే. “అన్నీ రాసేరు గానండి, దాన్ని ఆవిడ ఆవిడ అనే అన్నారేంటండి? మీ పుస్తకంలోనూ ఎడం కాలు అనే రాసుకునేవోరు. పేరు రాయండి.”

నూకరత్నం.